చదివింది పరీక్ష హాల్లో ఎందుకు గుర్తురాదు?
చదువు – కొలువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: హన్మకొండలో రూమ్ తీసుకొని మూడేళ్లుగా గ్రూప్-2 చదువుతున్న. తెలంగాణ చరిత్ర పుస్తకం నాలుగుసార్లు పూర్తి చేసిన. పుస్తకం తెరిస్తే అన్నీ తెలిసినట్టే ఉంటది. హాల్లో మాత్రం రెండు ఆప్షన్ల మధ్య ఆగిపోతున్న. నాకు జ్ఞాపకశక్తి తక్కువనా? ఐదోసారి చదవాల్నా?
– ఒక అభ్యర్థి, నయీంనగర్

జవాబు: ఐదోసారి వద్దు. జ్ఞాపకశక్తికి వచ్చిన లోపమేమీ లేదు. మీరు చేస్తున్న సాధన ఒకటి, పరీక్ష అడిగేది ఇంకొకటి. పుస్తకం ఎదురుగా ఉన్నప్పుడు మీరు చేసేది గుర్తుపట్టడం. హాల్లో ఏ ఆసరా లేకుండా గుర్తుతెచ్చుకోవాలి. మొదటిది ఎన్నిసార్లు చేసినా రెండోది అలవాటు కాదు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి చూశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు చదివాక పాఠం పక్కన పెట్టి గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది. రాత్రి పుస్తకం మూయగానే ‘వచ్చేసింది’ అని మీకనిపించేది అబద్ధం కాదు, కాకపోతే అది ఆ పూటకే చెల్లుతుంది.

కాకతీయుల అధ్యాయంలో మూడు పేజీలు తీసుకోండి. హైలైటర్ లేకుండా ఒక్కసారి చదవండి. పుస్తకం మూసి తెల్లకాగితం మీద ఐదు నిమిషాలు గుర్తున్నది రాయండి. వాక్యాలు అక్కర్లేదు, పేర్లు, సంవత్సరాలు, ఏది దేనివల్ల జరిగింది అన్నంతవరకు చాలు. ఇప్పుడు పుస్తకం తెరిచి, తప్పు రాసినవీ వదిలేసినవీ ఎర్ర పెన్నుతో దిద్దండి. ఆ ఎర్ర రాతలోంచే ప్రశ్నలు తయారు చేసుకోవాలి, పేజీ మొత్తంలోంచి కాదు. మూడు పేజీలకు ఎనిమిదో పదో చాలు. ముప్పై రాసుకున్నవాళ్లు నాలుగో రోజుకు ఆ నోట్‌బుక్ జోలికి పోరు.

ఇక ప్రశ్న ఎట్లా ఉండాలన్నది. ‘రామప్ప గుడి ఎప్పుడు కట్టారు?’ అని రాసుకుంటే 1213 అని నోటికొస్తుంది, అక్కడితో సరి. పరీక్షలో బోల్తా కొట్టించేది అది కాదు. వేయిస్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించింది. పాలంపేటలోని రామప్ప గుడి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది. ఇద్దరి పేర్లలోనూ రుద్ర ఉంది, ఆ వెనుకే రుద్రమదేవి వస్తుంది. కాబట్టి మీరు రాసుకోవాల్సిన ప్రశ్న: ‘రుద్రదేవుడు, రేచర్ల రుద్రుడు – ఎవరు రాజు, ఎవరు సేనాని, ఎవరిది ఏ గుడి, ఏ సంవత్సరం?’ రెండు ఆప్షన్ల మధ్య ఆగిపోతున్నానన్నారు కదా, జరుగుతున్నది సరిగ్గా ఇదే. రెండు పేర్లూ విడివిడిగా తెలుసు, పక్కపక్కన పెట్టి ఎన్నడూ చూడలేదు. తికమక ఎక్కడ పుడుతుందో ప్రశ్న అక్కడే పెట్టాలి.

నోట్‌బుక్ పేజీని నిలువుగా మడిచి ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు రాయండి. మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారానికి, మళ్లీ మూడు వారాలకు చూసుకోవాలి. ఎక్కడ తప్పినా ఆ ప్రశ్న మళ్లీ ‘మర్నాడు’ దగ్గరికి వస్తుంది. మొదటిసారి మర్నాడే ఎందుకంటే, మరుపు మొదటి కొన్ని గంటల్లో, మొదటి రోజులోనే ఎక్కువ. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, ఎంత మరిచిపోతున్నాడో తన మీద తనే కొలుచుకొని 1885లోనే అచ్చువేశాడు. ఇంకో మాట. మడత విప్పకముందే జవాబు పైకి చెప్పాలి, లేదా రాయాలి. ‘ఆఁ, తెలుసులే’ అనుకొని విప్పేస్తే మళ్లీ గుర్తుపట్టడమే అవుతుంది. ఈ పద్ధతి మొదలుపెట్టి లాభం లేదన్నవాళ్లలో ఎక్కువమంది జారిపోయింది ఇక్కడే.

మొదటి పది రోజులు చికాకుగా ఉంటుంది. రోజుకు ముప్పై పేజీలు తిరగేసిన చోట పన్నెండు కూడా కావు. పక్క రూమ్‌ అతను రెండో రివిజన్ అయిపోయిందంటాడు. అననివ్వండి.

మాక్ టెస్ట్ రాసి మార్కులు చూసి మూసేయడం కూడా దండుగే. ప్రతి తప్పు పక్కన ఒక అక్షరం వేయండి: తెలియకపోతే ‘తె’, తికమక పడితే ‘తి’, ప్రశ్న సరిగా చదవకపోతే ‘చ’. ‘తె’ ఎక్కువుంటే ఆ అధ్యాయానికి వెళ్లాలి. ‘తి’ ఎక్కువుంటే పైన చెప్పినట్టు జంట ప్రశ్నలు రాసుకోవాలి. ‘చ’ ఎక్కువుంటే ఎంత చదివినా మార్కులు పెరగవు. ‘సరికానిది’, ‘కానిది’, ‘మాత్రమే’ అన్న మాటల కింద గీత గీయడం అలవాటు చేసుకోవాలి. గ్రూప్-2లో ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. గీతకు పట్టే అర సెకను గురించి బెంగ వద్దు.


ప్రశ్న: తెలియని ప్రశ్నలకు ఏదో ఒకటి పెట్టాలా, వదిలెయ్యాలా? ఒక సార్ అన్నీ పెట్టమంటడు, ఇంకో సార్ ముట్టుకోవద్దంటడు.
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ఇద్దరు సార్లూ వేర్వేరు పరీక్షలను మనసులో పెట్టుకొని చెబుతున్నట్టున్నారు. నోటిఫికేషన్‌లో నెగటివ్ మార్కుల లైను చూడండి. కోత లేకపోతే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. రైల్వేలో నాన్-టెక్నికల్ ఉద్యోగాల పరీక్ష ఎన్‌టీపీసీలో తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది. అక్కడ ఏమీ తెలియని 12 ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున 3 ఒప్పు, 9 తప్పు. మూడు వచ్చి మూడు పోతాయి, మిగిలేది సున్నా, టైమ్ అదనంగా నష్టం. అదే 12లో ఒక్కో ఆప్షన్ ‘ఇది మాత్రం కాదు’ అని గట్టిగా కొట్టేయగలిగితే సగటున 4 ఒప్పు, 8 తప్పు. కోత పోను 1.33 మార్కులు మిగులుతాయి. ఒక్కటి కొట్టేయగలిగితే పెట్టండి, లేకపోతే ముందుకు పోండి. కొట్టేసింది తెలిసి కొట్టేశారా, నచ్చక కొట్టేశారా అన్నది మాక్ టెస్టుల్లో పరీక్షించుకోవాలి: ఊహించిన వాటి పక్కన చుక్క పెట్టి, తర్వాత చుక్కలవరకే మార్కులు లెక్కేయండి.


ప్రశ్న: నాకు 29 ఏళ్లు. డిగ్రీ అయినంక నాలుగేళ్లు ప్రిపరేషన్‌లనే ఉన్న. మా బాపు సింగరేణిల రిటైర్ అయిండు, చెల్లె పెండ్లి చెయ్యాలె. హైదరాబాద్‌ల దోస్తు ఒక ఆఫీసుల 18,000 జీతం ఇప్పిస్త అంటున్నడు. ఇప్పుడు పోతే నాలుగేళ్లు మట్టిల కలిసినట్టే గదా. ఇంకో నోటిఫికేషన్ దాక ఆగాల్నా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: నాలుగేళ్లు ఖర్చయిపోయాయి. ఉన్నా రావు, పోయినా రావు. కాబట్టి ఈ నిర్ణయంలోకి వాటిని తేకండి. అడగాల్సిన ప్రశ్న ఇది: ఇవాళ నాకున్న మార్కులతో, ఇవాళే కొత్తగా మొదలుపెట్టేవాణ్నయితే దీనికి ఇంకో రెండేళ్లు పెడతానా?

రెండేళ్లు అని ఊరికే అనలేదు. గ్రూప్-2కు 783 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది 2022 డిసెంబర్‌లో. వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. గ్రూప్-1 ప్రిలిమ్స్ అయితే రెండుసార్లు రద్దయి, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. ఇందులో అభ్యర్థుల తప్పేమీ లేదు, కానీ ఇంటి ఖర్చు నడవాల్సింది ఆ క్యాలెండర్ మీదే. ‘వచ్చే నోటిఫికేషన్ దాకా’ అనేది గడువు కాదు, ఎందుకంటే దాని తేదీ మీ చేతిలో లేదు. గరిష్ఠ వయోపరిమితిని ప్రభుత్వం 2024లో 44 నుంచి 46కు పెంచింది. అది దరఖాస్తు చేసుకునే అవకాశమే తప్ప, అప్పటిదాకా కూర్చోమని చెప్పడం కాదు.

ఇప్పుడు మీ మార్కులు బయటికి తీయండి. చివరగా రాసిన పరీక్షల్లో మీ మార్కు, మీ కేటగిరీలో చివరి సెలెక్షన్ మార్కు, రెండింటి మధ్య తేడా. ర్యాంకు చూడొద్దు, తేడా చూడాలి. పరీక్షకూ పరీక్షకూ ఆ తేడా తగ్గుతోందా? ఇది తెలియాలంటే అసలు పరీక్ష సమయానికే, ఫోన్ ఇంట్లో పెట్టి, లైబ్రరీలో కూర్చొని నాలుగు పూర్తి మాక్‌లు రాయాలి. మా అంచనా: గ్రూప్-2 మొత్తం 600 మార్కులకు తేడా ఇరవై లోపుండి తగ్గుతూ వస్తుంటే ఇంకో ప్రయత్నానికి అర్థముంది. యాభై పైనుండి ఏడాదిగా కదలకపోతే ఇదే పద్ధతిలో ఇంకో రెండేళ్లు కూర్చోవడం వల్ల అది కదలదు.

మీ ఇంటి పరిస్థితికి ఉద్యోగం, చదువు రెండూ కలిపి నడపడమే సరైందని మాకనిపిస్తోంది. ఉద్యోగంలో చేరితే చదువు ఆగిపోతుందనేది సగమే నిజం. మామూలు రోజుల్లో రెండు గంటలు, ఆదివారం ఆరు గంటలు అనుకుంటే, వారానికి 18 గంటలు దొరుకుతాయి. రోజుకు పది గంటలు కూర్చునేవాళ్లలో చాలామందికి నికరంగా పడే చదువు ఎంతో మీకు తెలియంది కాదు. మీ పక్క జిల్లా మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 సివిల్స్‌లో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నప్పుడు ఐఆర్‌ఎస్‌ ఉద్యోగంలో ఉన్నారు. అందరికీ ర్యాంకు వస్తుందని చెప్పడానికి కాదు ఈ మాట. నెల తిరిగితే జీతం వచ్చేవాడికి పరీక్ష హాల్లో వణుకు తక్కువ, అంతే.

అయితే ఏ ఉద్యోగమైనా కుదరదు. షిఫ్టులు మారుతూ ఉండేదైతే చదువు నెలలోపే అటకెక్కుతుంది. పని వేళలు స్థిరంగా ఉండాలి, ఆఫర్ లెటర్ ఉండాలి, పీఎఫ్ ఉండాలి. దోస్తు ఇప్పిస్తున్నాడన్నారు కాబట్టి చెప్పడం: డిపాజిట్ అనో, ట్రైనింగ్ ఫీజు అనో, ‘బ్యాక్‌డోర్’ అనో ముందుగా డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. దోస్తు మంచివాడే కావచ్చు, అతన్ని కూడా ఎవరో నమ్మించి ఉండొచ్చు.

చేరేముందు ఒక కాగితం మీద ఆపే షరతు రాయండి. ఉదాహరణకు: ‘ఇంకో ఒక గ్రూప్-2, ఒక గ్రూప్-3 రాస్తా. 31 ఏళ్లు నిండేనాటికి తేడా ఇరవై లోపుకు రాకపోతే పూర్తిగా ఉద్యోగం మీదే ఉంటా.’ తేదీ వేసి ఇంట్లో ఒకరి చేతికివ్వండి. ఈ కాగితం చెడేది ఎప్పుడో ముందే తెలుసు: కొత్త నోటిఫికేషన్ వచ్చిన రోజు. పోస్టుల సంఖ్య చూడగానే షరతు మార్చాలనిపిస్తుంది. మీ మార్కులు మారితేనే షరతు మార్చాలి, పోస్టులు పెరిగాయని కాదు.

బాపుతో మాట్లాడేటప్పుడు ‘ఈసారి పక్కా’ అనొద్దు, ఆ మాట ఆయన ఇదివరకే విన్నారు. నెలకు ఇంటికి ఎంత పంపగలరు, చెల్లె పెండ్లికి మీ వంతు ఎంత, ఏ తేదీ దాకా చదువుతారు – ఈ మూడూ అంకెల్లో చెప్పండి. ఇంటర్వ్యూలో నాలుగేళ్ల గ్యాప్ గురించి అడిగితే దాచొద్దు, సాగదీయొద్దు. ‘పోటీ పరీక్షలకు చదివాను, ఇన్ని మార్కుల దాకా వచ్చాను, ఎక్సెల్, టైపింగ్ వచ్చు’ అంటే చాలు. ఎక్సెల్ రాకపోతే చేరేలోపు నేర్చుకోండి.


ప్రశ్న: పొద్దున నాలుగింటికి లేచి చదవమని అందరూ చెప్తరు. లేస్తున్న గానీ ఎనిమిదింటికల్లా తూగుతున్న.
– ఇంటర్ విద్యార్థిని, హుజూరాబాద్

జవాబు: రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావో రాయలేదమ్మా. పన్నెండింటికి పడుకొని నాలుగింటికి లేస్తే నాలుగు గంటల నిద్ర. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే, దాన్ని కోసి చదువుకు కలిపితే రెండూ పోతాయి. తొమ్మిదింటికి పడుకోగలిగితే నాలుగింటికి లే. లేకపోతే ఆరింటికి లేచినా ఏమీ కాదు. నీ వయసుకు ఎనిమిది గంటలు అక్కర, కనీసం ఏడుకు తగ్గొద్దు. సెలవు రోజైనా లేచే టైమ్ మాత్రం మారనీయకు. ఫోన్ పక్క గదిలో పెట్టు, అలారానికి వంద రూపాయల గడియారం చాలు.


ప్రశ్న: నాకు 41. డిగ్రీ చేసి ఇరవై ఏళ్లయింది, ఉద్యోగం ఎన్నడూ చేయలేదు. అకౌంట్స్ నేర్చుకొని ఏదైనా షాపులో చేరాలని ఉంది. ‘ఇప్పుడెందుకమ్మా నీకు కంప్యూటర్’ అని మా బాబు నవ్వుతున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక గృహిణి, నర్సంపేట

జవాబు: మీ మండలంలోనే లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు గారు అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చొని ప్రోగ్రామింగ్ దాకా వెళ్లారు. మీవాడికి ఆ మాట చెప్పి, పనిలో పడదాం.

ఈ వయసులో నెమ్మదిగా వచ్చేవి టైపింగ్ వేగం, ఏ బటన్ ఎక్కడుందో గుర్తుండటం. తొందరగా వచ్చేది లెక్కలోని అసలు సంగతి. మహిళా సంఘంలో పొదుపు, అప్పు, వడ్డీ పుస్తకం చూసినవాళ్లకు డెబిట్, క్రెడిట్ కొత్త విషయం కాదు. చాలామంది మొదటిదానికి జంకి రెండోదాని దాకా పోరు. అందుకే మొదటి రెండు వారాలు రోజుకు ఇరవై నిమిషాలు ఉత్త టైపింగే, మీవాడి కంప్యూటర్ మీదే. ఆ తర్వాత మూడు వారాలు ఎక్సెల్: కూడిక, సార్టింగ్, ఫిల్టర్ వరకు. ఇంటి ఖర్చు నెలది అందులో రాయండి.

తర్వాత ట్యాలీ, అంటే షాపుల్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. కోర్సులో చేరేముందు అడగాల్సింది సర్టిఫికెట్ గురించి కాదు, ‘అసలు బిల్లులు ఎక్కించనిస్తారా?’ అని. ముందు వోచర్లు, అంటే ఒక్కో లావాదేవీని ఎక్కించే పద్దులు, వాటి కీబోర్డు బటన్లతో సహా పట్టుకోండి: ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. షాపు రోజువారీ పనంతా దాదాపు ఈ ఆరింటితోనే నడుస్తుంది. గల్లాలో డబ్బు బ్యాంకులో వేస్తే కాంట్రా, కరెంటు బిల్లు కడితే పేమెంట్. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది లెడ్జర్‌ను (ఖాతాను) ఏ గ్రూపు కింద పెట్టాలన్న దగ్గర. షాపుకు కొన్న ప్రింటర్‌ను ఖర్చుల్లో వేస్తారు, అది ఆస్తుల్లోకి పోవాలి. అక్కడ పొరపాటు జరిగితే రోజూ క్యాష్ సరిపోతూనే ఉంటుంది, మార్చి నెలాఖరున లాభం లెక్క తప్పుతుంది.

జీఎస్టీలో మీకు మొదట అక్కరపడేది ఒకటే. 18 శాతం పన్ను ఉన్న సరుకు హైదరాబాద్ నుంచి వస్తే బిల్లు మీద కేంద్రం వాటా సీజీఎస్టీ 9, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 9 ఉంటాయి. అదే సరుకు విజయవాడ నుంచి వస్తే వేరే రాష్ట్రం కాబట్టి ఐజీఎస్టీ 18. నెలనెలా రిటర్న్ వేసే షాపుకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 మరుసటి నెల పదకొండో తేదీకి, పన్ను లెక్క చూపి కట్టే 3బి ఇరవయ్యో తేదీకి. ఈ రెండు తేదీల ముందే షాపుల్లో మనిషి అవసరం ఎక్కువ.

తెలిసిన షాపులో ఒక నెల బిల్లులు అడిగి తెచ్చుకొని ఎక్కించి చూడండి. చివరి రోజు మీ కంప్యూటర్‌లో క్యాష్, వాళ్ల గల్లా పుస్తకంలో క్యాష్ రూపాయితో సహా కలిస్తే మీకు పని వచ్చినట్టే. పని అడగడానికి మంచి కాలం మిర్చి సీజన్‌కు ముందు, అంటే డిసెంబర్, జనవరి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టూ అడ్తి (కమీషన్) దుకాణాల్లో అప్పుడు లెక్కలు రాసేవాళ్లు చాలరు. నర్సంపేట నుంచి రోజూ రావడం కుదరకపోతే మీ ఊళ్లోనే ఎరువుల షాపులు అడగండి.


ప్రశ్న: బీటెక్ అయింది. రెండు ఆఫర్లున్నాయి. హైదరాబాద్‌లో చేతికి 31,000. మడికొండ ఐటీ పార్క్‌లో 23,000. ఇల్లు కాజీపేటలోనే. అందరూ హైదరాబాదే అంటున్నారు. శుక్రవారం లోపు చెప్పాలి.
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: ముందు రెండు జీతాలనూ ఒకే చోటికి తెచ్చి చూడండి. హైదరాబాద్‌లో భోజనంతో హాస్టల్ 9,000, ఆఫీసుకు రానుపోను 2,000, నెలకు రెండుసార్లు ఇంటికి రావడం, బయటి తిండి, ఇతరాలు ఇంకో 3,000 అనుకుంటే 17,000 మిగులుతాయి. ఇక్కడ పెట్రోల్, చిల్లర ఖర్చులు 4,000 పోను 19,000. మీ అంకెలు వేరే ఉంటే వేసి చూసుకోండి, కానీ ఎనిమిది వేల తేడా కనిపించినంత లేదు. అంటే డబ్బును పక్కన పెట్టి పనిని చూడొచ్చు.

ఏడాదిన్నర తర్వాత మీ రెజ్యూమేలో రాయబోయే లైను ఏమిటన్నదే అసలు లెక్క. రెండు హెచ్‌ఆర్‌లకూ ఫోన్ చేసి ఇవే అడగండి: ఏ ప్రాజెక్టు, ఏ టెక్నాలజీ, ట్రైనింగ్ ఎన్ని వారాలు, ఆ తర్వాత ప్రాజెక్టు ఇవ్వకుండా బెంచ్ మీద ఉంచితే ఎన్నాళ్లు, నైట్ షిఫ్ట్ ఉందా, బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నోటీస్ పీరియడ్ 30 రోజులా, 90 రోజులా. ఒక చోట కోడ్ రాసే పని, ఇంకో చోట టికెట్లు (కస్టమర్ల ఫిర్యాదులు) మూసే సపోర్ట్ పని అయితే, ఊరు ఏదైనా కోడ్ రాసే వైపు వెళ్లండి. రెండూ ఒకటే అయితే హైదరాబాద్‌కు ఒక మొగ్గు ఉంది: తర్వాతి ఉద్యోగానికి ఇంటర్వ్యూలు అక్కడ ఎక్కువ.

మొదటి ఉద్యోగం సరిపడకపోతే ఏడాదిలో మార్చుకోవచ్చు, అంత బరువు పెట్టుకోవాల్సిన నిర్ణయం కాదు. మార్చుకోనివ్వకుండా చేసేది బాండ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామని ఎవరన్నా అంటే ఆ ఆఫర్ వదిలేయండి, జీతం ఎంతైనా సరే. గడువు శుక్రవారమన్నారు కాబట్టి ఫోన్లు బుధవారం లోపే చేయండి. నోటితో చెప్పినవి మెయిల్‌లో అడిగి రాయించుకోవడానికి ఒక రోజు పడుతుంది.